మా పిల్లకు ఏ లోటూ లేదు

చియాంగ్ మాయి,
8 జూన్ 2025

మావయ్యకు, అత్తయ్యకు,

సత్య నమస్కారాలు. నేను కులాసాగా ఉన్నాను. అత్తయ్య మోకాలు ఎలా ఉందో ఆవిడ చెప్పమన్నట్లు కాకుండా ఉన్నదున్నట్లు రాయండి మావయ్యా. ఆదివారం ఫోనులో అడిగితే "నాకేటే, గుర్రంలాగున్నాను" అంటుంది. అయిదంతస్తులు ఎక్కొచ్చిన ఆయాసం మాత్రం నాకు ఇక్కడికి వినిపిస్తూనే ఉంటుంది.

మీరు పెట్టిన షరతు ప్రకారం తెలుగులోనే, చేత్తోనే రాస్తున్నాను. "తిన్నావా, పడుకున్నావా అన్నవి ఫోనులో అడుక్కో. అసలు మాటలు ఉత్తరంలో రాయి. లేకపోతే నీ తెలుగు తుప్పు పట్టిపోతుంది" అన్నారుగా. తప్పులుంటే పోయినసారిలా ఎర్రసిరాతో దిద్ది తిరిగి పంపకండి. ప్లాస్టిక్ సామాన్ల బేరానికి నెలకు రెండుసార్లు ఇటూ అటూ తిరుగుతూ మనకు పోస్టుమానుగా మారిన లింగరాజు బాబాయి ఆ కాగితం చూసి తెగ నవ్వాడు.

ఇప్పుడు అసలు మాట. నాకు సీటు వచ్చింది మావయ్యా! ఫిజియోథెరపీలో డిగ్రీ, నాలుగేళ్ళు. జనవరిలో తరగతులు మొదలవుతాయి. యాంగోన్‌లో సగంలో ఆగిపోయిన చదువు ఇక అంతేననుకున్నాను. ఆ సంగతి తెలిసిన రోజు హాస్టల్ మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాను కూడా.

ఫీజు కట్టే దారి నాకు లేదు. కానీ కాలేజీలో ఒక సహాయనిధి ఉంది. సొంత సంపాదన లేకుండా, ఇంటివాళ్ళ మీద ఆధారపడకుండా విడిగా బతుకుతున్న విద్యార్థుల కోసం పెట్టారు దాన్ని. ఫీజూ గదీ భోజనమూ అన్నీ వాళ్ళే చూసుకుంటారు. అమ్మ పోయినట్లు కాగితం ఇచ్చాను. నాన్న మలేసియా వెళ్ళి పదహారేళ్ళయిందనీ ఇప్పటిదాకా ఒక్క ఉత్తరం ముక్క కూడా లేదనీ నేనే రాసి సంతకం పెట్టాను. ఇంక మిగిలింది ఒక్కటే. నన్ను పెంచినవాళ్ళు నా ఇప్పటి పరిస్థితి గురించి ఉత్తరం రాసి నేరుగా కాలేజీ ఆఫీసుకే పంపాలి. నేను చూడకూడదట. ఇంటి నుంచి నాకు ఏ ఆధారమూ లేదని వాళ్ళకు తెలియాలి. ఎలా రాయాలో మీకు నేను చెప్పేదాన్నా? మన యాంగోన్ తెలుగు సంఘంలో ఎవరికి ఏ ఉత్తరం కావాలన్నా రాసేది మీరే కదా! మీకు తోచినట్లు రాయండి.

ఈ సాయం రాకపోతే అక్టోబరులో నేనిక్కడ ఇప్పుడు చదువుతున్న చిన్న కోర్సు అయిపోగానే తిరిగి వచ్చేయాలి. వచ్చి ఏం చేస్తానో నాకే తెలియదు.

కాలేజీ చిరునామా వేరే కాగితం మీద ఉంది.

సత్య


బోటాటౌంగ్, యాంగోన్,
22 జూన్ 2025

చిరంజీవి సత్యకు,

మావయ్య దీవెనలు, అత్త దీవెనలు, కింద అంతస్తు బర్మావాళ్ళావిడ డా ఖిన్ గారి దీవెనలు. మూడోది ఆవిడే అడిగి మరీ చేర్పించింది. సీటు వచ్చిందని చెప్పగానే ఆ మహాతల్లి గిన్నెడు మొహింగా తెచ్చి ఇచ్చింది. చేపల పులుసు మన ఇంట్లో ఎందుకమ్మా అంటే, పిల్ల పాసైన రోజున అడ్డు చెప్పకూడదంటుంది. మీ అత్త తలుపు చాటుకెళ్ళి తాగేసింది.

నీ ఉత్తరంలో తప్పులు మూడే. మెచ్చుకుంటున్నాను.

నువ్వు అడిగిన పని అయిపోయింది, నిశ్చింతగా ఉండు. అయితే నీ ఉత్తరంలో "ఏ ఆధారమూ లేదని" అన్న ముక్క చదివి నవ్వుకున్నాను. చిన్నదానివి, లోకం తెలియదు. దిక్కూ మొక్కూ లేని పిల్లకు ఎవరు ఇస్తారమ్మా? ఇచ్చేవాడు ఎప్పుడూ వెనకాముందూ చూసే ఇస్తాడు. మీ తాతకు అహ్లోన్ బియ్యం మిల్లులో పని దొరికింది ఎలాగనుకున్నావు? కండలు చూసి కాదు. ఫలానా వాళ్ళ మనిషి, వెనక ఇంతమంది ఉన్నారని మేస్త్రీ రాసిచ్చిన కాగితం చూసి. ఈ ముప్ఫై ఏళ్ళలో పెళ్ళి సంబంధాలకు, ఉద్యోగాలకు, అద్దె ఇళ్ళకు నేను రాసిన ఉత్తరాలన్నీ ఆ దారిలోనివే. ఒక్కటీ వెనక్కి రాలేదు.

కాబట్టి ఇంగ్లీషులో ఘనంగా రాశాను. "కుమారి సత్యశ్రీ పబేడాన్‌లో పేరున్న వ్యాపారి చిట్టిబాబు గారి మేనకోడలు. మా పిల్లకు ఏ లోటూ లేదు, ఉండబోదు. ఆమె తిండి, బట్ట, చదువు, సమస్తమూ కుటుంబమే చూసుకుంటుంది. కుటుంబానికి తోడుగా సంఘం యావత్తూ నిలబడి ఉంది." ఇదీ సారాంశం. ఆదివారం రామమందిరంలో భజన కాగానే చదివి వినిపించాను. అధ్యక్షులు ధర్మరాజు గారు కళ్ళజోడు సవరించుకుని "దివ్యంగా ఉంది" అని మొదటి సంతకం పెట్టారు. తరవాత మిగతా పెద్దలందరూ వరసగా వచ్చి పెట్టారు. ఒక్కొక్కరూ సంతకం కింద తమ కొట్టు పేరు కూడా వేశారు. మొత్తం ఎనిమిది సంతకాలు, మధ్యలో సంఘం ముద్ర. చూడముచ్చటగా ఉంది.

పంపడమే కష్టమైంది. నరసింహం కంప్యూటరు కొట్లో కూర్చోగానే కరెంటు పోయింది. బయట కుండపోత. సాయంత్రం "మీ లా బీ" అని వీధి పిల్లలు కేకలేస్తే కరెంటొచ్చిందని తెలిసి, చప్పున పంపించేశాం.

కొట్టు సంగతి మామూలే. వానలు కదా, బేరాలు పలచగా ఉన్నాయి. అత్త మోకాలు గుర్రంలాగే ఉంది, కాకపోతే ముసలి గుర్రం.

దర్జాగా చదువుకో.

మీ మావయ్య


చియాంగ్ మాయి,
13 జూలై 2025

మావయ్యా,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపేశాను. ఇది మూడోది. కోపంగా ఉంటే ఉండనీ అని పంపేస్తున్నాను.

ఆఫీసువాళ్ళు పిలిచారు. మీ ఉత్తరం బల్ల మీద పెట్టి, ఒక్కొక్క సంతకం మీదా పెన్సిలు ఆనించి, "వీరెవరు? వీరెవరు?" అని అడిగారు. ముద్ర చూసి "ఇది కంపెనీయా?" అన్నారు. ఎనిమిది మంది వ్యాపారులు సమస్తమూ చూసుకుంటామని రాసిచ్చిన అమ్మాయికి ఈ నిధి ఎందుకని అడిగారు. వాళ్ళు అడిగినదాంట్లో తప్పేముంది? నా దరఖాస్తు పక్కన పెట్టేశారు.

పైగా నేను అబద్ధం చెప్పానని అనుకున్నారు మావయ్యా! సంపాదన సున్నా అని రాశాను. మరి ఎలా బతుకుతున్నావని అడిగారు. ఉన్నది చెప్పాను. హాస్టల్‌లో పదకొండు మంది అమ్మాయిలకు రెండు పూటలా వంట చేస్తాను, అందుకు బదులుగా నాకు గదీ భోజనమూ ఇస్తున్నారని. ఆఫీసులో ఆవిడ మీ ఉత్తరం వంకా నా వంకా మార్చి మార్చి చూసింది. "వీళ్ళంతా ఉండగా నువ్వెందుకు వంట చేస్తున్నావు?" అంది. ఏం చెప్పాలి? మీరు మర్యాద కోసం రాశారనా?

ఇది పెళ్ళి సంబంధం కాదు మావయ్యా. ఇక్కడ లేనివాళ్ళకే ఇస్తారు. ఉందని చెబితే పోతుంది. నాకెవరూ లేరని రాసి ఉన్నా ఇంత నష్టం జరిగేది కాదు.

బతిమాలితే ఆగస్టు చివరిదాకా గడువు ఇచ్చారు. మొదటి ఉత్తరం మీద సంతకం పెట్టినవాళ్ళే దాన్ని రద్దు చేస్తున్నామని, సత్యశ్రీకి మేము ఏమీ ఇవ్వడం లేదని, ఇవ్వబోమని రాసి మళ్ళీ సంతకాలు పెట్టాలి. అలంకారాలేవీ వద్దు. దయచేసి ఈసారి మీకు తోచినట్లు రాయకండి.

సత్య


యాంగోన్,
27 జూలై 2025

చి. సత్యశ్రీకి,

నీ ఉత్తరం అందింది.

నీకు తొమ్మిదో ఏట మీ అమ్మ పోయింది. మీ నాన్న గోపీకృష్ణ ఓడ ఎక్కిన రోజున నీ పలకా నువ్వూ మా గుమ్మంలోకి వచ్చారు. మాకు పిల్లలు లేరు. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో ఉన్నది ముగ్గురమనే లెక్క. ఇప్పుడు "నాకెవరూ లేరని రాసి ఉన్నా" అని రాశావు. అక్షరదోషం ఒక్కటీ లేదు. దిద్దడానికి నాకేమీ మిగల్లేదు.

మేము నీకు ఏమీ ఇవ్వడం లేదని, ఇవ్వబోమని ఎనిమిది మంది చేత రాయించి ముద్ర వేయించమంటున్నావు. అలాంటి కాగితం నేను నా జన్మలో ఒక్కసారే రాశాను. వెంకాయమ్మ గారు తాగుబోతు కొడుకును వదులుకున్నప్పుడు. రాసి ఇంటికి వచ్చి తలస్నానం చేశాను. నీ మీద అలాంటి కాగితం రాయడానికి నా చెయ్యి రాదు.

ఇక ఆ వంట సంగతి. పదకొండు మందికి వంటమనిషివయ్యావని ఇన్నాళ్ళూ మాకు చెప్పలేదు. చదువుకోవడానికి పంపాననుకుంటున్నాను నేను. సంఘంలో ఎవరైనా అడిగితే తల ఎక్కడ పెట్టుకోవాలి? మీ అత్తకు ఇంకా చెప్పలేదు.

ఎవరి దగ్గరా చెయ్యి చాచనక్కర్లేదు. ఫీజు నేను పంపుతాను. మొదటి విడత లింగరాజు చేతికి కవరులో ఇస్తున్నాను. ఆ వంట ఈ రోజే మానెయ్యి. డబ్బు చాలకపోతే వచ్చెయ్యి. ఇల్లు ఇక్కడే ఉంది.

చిట్టిబాబు


చియాంగ్ మాయి,
17 ఆగస్టు 2025

మావయ్యా,

ఫోను చేస్తే ప్రతిసారీ అత్తయ్యే ఎత్తుతోంది. "మీ మావ గుడికెల్లినాడే" అంటుంది. ఇన్నిసార్లు గుడికి వెళితే దేవుడు కూడా విసుక్కుంటాడు. అందుకని ఈ ఉత్తరం.

లింగరాజు బాబాయి కవరు తెచ్చాడు. తెరవలేదు. అదే కవరు, అతికించినది అతికించినట్లే, ఆయన చేతికే తిరిగి ఇచ్చి పంపుతున్నాను. కోప్పడకండి. ఎందుకో చెబుతాను.

ఆయనకు అన్నం పెట్టి, "మావయ్య కొట్లో బేరాలు ఎలా ఉన్నాయి బాబాయ్?" అని మామూలుగానే అడిగాను. "ఏ కొట్టమ్మా?" అన్నాడు. తరవాత నాలిక కరుచుకున్నాడు గానీ అప్పటికే అనేశాడు. పోయిన ఏడాది వానాకాలంలోనే కొట్టు ఖాళీ చేశారట. మీరు ధర్మరాజు గారి పప్పుల కొట్లో కూర్చుంటున్నారట. ఈ కవరులో ఉన్నది ఆయన దగ్గర ముందుగా తీసుకున్న జీతమట. ఎన్ని నెలలదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఏడాదిగా "కొట్టు సంగతి మామూలే" అని రాస్తూ వచ్చారు కదా మావయ్యా! నేనేమో వంట సంగతి దాచాను. నేను దాచింది మీరు బాధపడతారని, మీరు దాచింది నేను చదువు మానేస్తానని. అత్తయ్యకు తెలిస్తే మనిద్దరినీ కలిపి తిడుతుంది.

వంట గురించి ఒక్క మాట. నాకది తలవంపుగా లేదు. ఇక్కడి అమ్మాయిలు బర్మా కొండల నుంచి వచ్చిన షాన్ వాళ్ళూ కరెన్ వాళ్ళూ. మొదట్లో చారు పెడితే పుల్లనీళ్ళన్నారు. ఇప్పుడు గిన్నె అడుగు గీకుతున్నారు. అత్తయ్య నేర్పిన వంటే నాకు ఇక్కడ అన్నం పెడుతోంది. మీరు పెంచిన పెంపకంలోదే కదా అదీ!

కోపంలో "నాకెవరూ లేరని" రాశాను. అది చదివి మీకెలా ఉండి ఉంటుందో తలుచుకుంటే ఏడుపొస్తోంది. అలా రాయకుండా ఉండాల్సింది.

వెంకాయమ్మ గారి కాగితం గురించి రాశారు. ఆవిడ కొడుకుతో తెంచుకోవడానికి రాయించుకుంది. ఇది తెంచుకునే కాగితం కాదు మావయ్యా. నేను మీ పిల్లను అవునా కాదా అని ఇక్కడ ఎవరూ అడగడం లేదు. నా ఫీజు కట్టగలరా లేదా, అదొక్కటే అడుగుతున్నారు. కట్టలేరు. అది నిజం. నిజం రాస్తే నేను చదువుకుంటాను. రాయకపోతే వచ్చేస్తాను, ధర్మరాజు గారి కొట్లో మీ పక్కన కూర్చుని పప్పులు తూస్తాను. మీకేది నామోషీ?

గడువు ఈ నెలాఖరుతో అయిపోతుంది. ఇంకోసారి అడగను.

మీ సత్య


బోటాటౌంగ్, యాంగోన్,
31 ఆగస్టు 2025

చిరంజీవి సత్యకు,

ఈ ఉత్తరం మీ అత్త చెబుతుంటే నేను రాస్తున్నాను. ఒక్క అక్షరం మార్చకూడదని ఆజ్ఞ. పక్కనే స్టూలు మీద కూర్చుంది. ఇక మొదలు.

ఒలే సత్తీ, మీ మావ నీ ఉత్తరం సదివి పరుపు కింద దాసీసినాడు. రెండ్రోజులు అన్నం సరిగా తిన్నేదు. ఏటయిందయ్యా అంటే, వాన అన్నాడు. వానకీ అన్నానికీ ఏటి సమ్మందం? పరుపు దులిపితే కాయితం బయటపడింది. కూకోబెట్టి సదవమన్నాను. ముందు నీ వొంట సంగతి ఇన్నాను. తరవాత ఈ ముందుగా తెచ్చిన జీతం సంగతి ఇన్నాను. కొట్టు పోయిందని నాకు ఎరికే గానీ, ఈ జీతం సంగతి నాకు ఎవులూ సెప్పనేదు. నీకొక తిట్టు, ఈయనకో పది తిట్లు.

(ఇక్కడ ఆ పదీ చెప్పింది. రాయమంటోంది. రాయను. – మావయ్య)

పోయిన ఆదోరం భజనయ్యాక మీ మావ లేసి నిలబడ్డాడు. మొదటి కాయితం రద్దు సెయ్యాలండి, కొత్తది రాసినాను, సంతకాలు పెట్టండి అన్నాడు. అందరూ మొకాలు సూసుకున్నారు. దర్మరాజు గారేమో, "సంగం ముద్ర పడ్డాక ఎనక్కి తీసుకోడం ఎప్పుడైనా ఉన్నాదా సిట్టిబాబూ? రేపు మన పిల్లల సంబందానికి కాయితం పంపితే ఎవుడు నమ్ముతాడు?" అన్నారు. ఆరి మాటా నిజమే. అందరూ తలకాయలూపినారు. మీ మావ కాయితం పట్టుకుని అలగే నిలబడిపోయినాడు.

నాను లేసినాను. ఆడోల్ల వరసలోంచి లేసి ముందుకొచ్చీసినాను. "అయ్యా, మొదటి కాయితంలో యాపారి అని రాసినప్పుడు మీ అందరికీ తెలుసు కదేటి, ఈయన మీ కొట్లోనే పప్పులు తూస్తన్నాడని. తెలిసీ సంతకం పెట్టినారు. మా పరువు కాసినారు, మీకు దండాలు. ఇప్పుడు మా పరువు అక్కర్నేదు, మా సత్తి గుంట సదువు కావాల. పరువు కాసిన సేత్తోనే సదువు కాయండి" అన్నాను. అనీసి కూకోనేదు. అక్కడే నిలబడ్డాను.

ఆ మూల నుంచి ఓ ముసలాయన "నాను ఆ గుంటకి ఏమీ ఇవ్వనని రాయాలా? నానెప్పుడిచ్చినాను, ఇప్పుడు ఇవ్వకపోడానికి?" అన్నాడు. అందరూ నవ్వినారు. దర్మరాజు గారు కూడా నవ్వీసినారు. ముద్ర పెట్టె తెమ్మన్నారు.

ముద్ర ఏసే ముందర మీ మావకేసి సూసి, "నీ పేరు కింద ఏటి రాద్దాం సిట్టిబాబూ? యాపారి అని ఉంచీమంటావా?" అని మెల్లిగా అడిగినారు. ఆరికీ పాపం సెప్పడానికి ఇబ్బందే.

మీ మావ తలెత్తి, "గుమస్తా అని రాయండి" అన్నాడు. గట్టిగా, అందరికీ ఇనబడేటట్టు.

ఏడాదయింది కొట్టు పోయి. ఆ మాట నాను ఇంట్లో కూడా ఆ నోట ఇన్నేదు సత్తీ. నా కల్లంట నీల్లు తిరిగిపోయినాయి. ఇంటికొచ్చీటప్పుడు దారిలో సేయి పట్టుకున్నాను. ఇన్నేల్లలో నడిరోడ్డు మీద పట్టుకోడం ఇదే. సూసినోల్లు సూడనీ.

మొన్న మంగళారం నరసింహం కంప్యూటర్లో ఎక్కించి పంపీసినాడు. డబ్బులు తీసుకోనేదు. నీ కవరు దర్మరాజు గారికి తిరిగిచ్చీసినాం. నువ్వు బేగి కబురు సెప్పు. వొంట మానొద్దు. సారులో ఇంగువ ఎక్కువెయ్యకు, ఆల్లు అలవాటు లేనోల్లు.

(అత్త చెప్పింది అయిపోయింది. నేను కలపవలసిందేమీ లేదు. ఆ ఉత్తరం నాలుగు వాక్యాలే. ముప్ఫై ఏళ్ళలో నేను రాసిన అతి చిన్న ఉత్తరం అదే. రాయడానికి మాత్రం ఒక రోజంతా పట్టింది. – మావయ్య)


చియాంగ్ మాయి,
5 అక్టోబరు 2025

మావయ్యకు, అత్తయ్యకు,

వచ్చింది!

ఫోనులో అరిచి చెప్పేశాను గానీ, అసలు మాటలు ఉత్తరంలోనే రాయాలి కదా, అందుకని మళ్ళీ రాస్తున్నాను. ఫీజు, గది, భోజనం, పుస్తకాలు, అన్నీ ఇస్తారు. నాలుగేళ్ళూ. జనవరి అయిదున మొదటి తరగతి.

చివరి ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. మీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. అవే ఎనిమిది సంతకాలు, అదే ముద్ర. ఒక దాంట్లో అన్నీ ఇస్తామని ఉంది, ఇంకో దాంట్లో ఏమీ ఇవ్వలేమని. ఏది నమ్మాలని అడిగారు. రెండోది ఉన్న సంగతి, మొదటిది వాళ్ళ కోరిక అని చెప్పాను. మా ఊళ్ళో ఉత్తరం అంటే ఆడపిల్ల పక్కన జనం నిలబడి ఉన్నారని చెప్పడమేనని, అబద్ధం చెప్పాలని కాదని చెప్పాను. వాళ్ళలో ఒకాయన చిన్నగా తల ఊపాడు. బయటికి వచ్చి ఒక గంట కూర్చున్నాక పిలిచి చెప్పారు.

హాస్టల్ అమ్మాయిలు ఆ రోజు నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. వాళ్ళే వండారు. అన్నం మాడిపోయింది, తినేశాం.

ఒక్క చిక్కు ఉంది. చెబితే మీరు నిట్టూరుస్తారని తెలుసు. ఈ సాయం ఏడాదికోసారి మళ్ళీ చూస్తారు. ప్రతి సెప్టెంబరులో మీరు మళ్ళీ ఉత్తరం పంపాలి, మా పరిస్థితి అలాగే ఉంది, ఇంకా ఏమీ ఇవ్వలేకపోతున్నాం అని. మీ చేతికి సంపాదన పెరిగితే సాయం తగ్గించేస్తారు. అంటే ఇంకో మూడు ఉత్తరాలు మావయ్యా. ఒకటి రాయడానికే రోజంతా పట్టిందన్నారు. అడగాలంటే నాకే మొహమాటంగా ఉంది.

సెలవుల్లో వస్తాను. వచ్చేటప్పుడు అత్తయ్య మోకాలికి చేయించాల్సిన కసరత్తులు నేర్చుకుని వస్తాను. ఆవిడ చేయదు, అయినా నేర్చుకుంటాను.

మీ సత్య


బోటాటౌంగ్, యాంగోన్,
19 అక్టోబరు 2025

చిరంజీవి సత్యకు,

దీవెనలు. డా ఖిన్ గారికి కబురు చెబితే ఈసారి మొహింగా రెండు గిన్నెలు తెచ్చింది. ఒకటి నాకట. తాగాను. బాగానే ఉంది, మీ అత్తకు చెప్పకు.

ఊరంతా దీపాలు. బర్మావాళ్ళ తడిన్‌జుట్ పండగ దీపాలు ఇంకా తీయలేదు, రేపే మన దీపావళి. కరెంటు ఉంటే కరెంటు దీపాలు, పోతే నూనెవి.

మూడు ఉత్తరాలన్నావు. మొహమాటం దేనికి? రాస్తాను. మొదటిసారి రాసేటప్పుడు తలకాయ తీసేసినట్లయింది, నిజమే. రాసి పంపాక మాత్రం ఆ రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. ఇప్పుడు కొట్లో ఎవరైనా "ఏమండీ, మీ సొంత కొట్టు ఏమైంది?" అని అడిగితే ఇట్టే చెప్పేస్తున్నాను. అడిగేవాళ్ళే తగ్గిపోయారు.

ఒక ఇబ్బంది మాత్రం వచ్చిపడింది. ధర్మరాజు గారు నిన్న పిలిచి, "చిట్టిబాబూ, నాకు ఓపిక తగ్గింది. కొట్లో నీకు వాటా ఇస్తాను, చూసుకుంటావా?" అన్నారు. ఏడాది క్రితం అయితే ఆ మాటకు ఎగిరి గంతేసేవాణ్ణి. నిన్న మాత్రం లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. వాటా వస్తే సంపాదన వస్తుంది, సంపాదన వస్తే ఉత్తరంలో రాయాలి, రాస్తే నీ సాయం తగ్గుతుంది. నాకొచ్చేది నీ ఫీజులో సగానికి కూడా సరిపోదు. ఆయనకు అంతా చెప్పాను. కాసేపు ఆలోచించి, "సరే, నాలుగేళ్ళు ఆగుతాను" అన్నారు. నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఇంటికొచ్చేసరికి మనసు మనసులో లేదు.

సాయంత్రం ఇద్దరం గుడికి వెళ్ళాం. మీ అత్త రాములవారి ముందు కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. బయటికి వచ్చాక ఏం మొక్కావని అడిగాను.

"నాలుగేళ్ళు మాకేటీ ఇవ్వొద్దు సామీ, ఇలగే ఉంచు అని మొక్కినాను" అంది.

అని నా వైపు చూసి, "నువ్వేటి మొక్కినావు?" అంది.

నేను మొక్కిందీ అదే తల్లీ.

మీ మావయ్య